ఘాట్ రోడ్డు దిగేటప్పుడు చెవులు మూసుకుపోతే ఏం చేయాలి? చెవి లోపల ఏముందో తెలుసుకుని చూసుకునే పద్ధతి

తిరుమల నుంచి దిగే బస్సులో సగం దారిలో చెవులు దిబ్బడేస్తాయి. పక్కసీటులో వాళ్లు మాట్లాడేది ఎక్కడో దూరం నుంచి వినిపిస్తున్నట్టుంటుంది, అప్పటిదాకా ఆడుకుంటున్న చంటిపిల్లలు ఉన్నట్టుండి గుక్కపెట్టి ఏడుస్తారు, పెద్దవాళ్లు చిటికెన వేలు చెవిలో పెట్టి గబగబా ఆడిస్తారు. వేలు ఎంత ఆడించినా లాభం లేదు, ఎందుకంటే మూసుకుపోయింది వేలు పోయే దారి కాదు, ముక్కు వెనకాల గొంతు పైభాగంలో ఉన్న ఇంకో దారి. చెవి కట్టడం తెలియక మనం చేసే పనుల్లో ఇది హాని లేనిది. వేడి నూనె పోయడం, పిన్నీసుతో గుబిలి తీయడం లాంటివి అలా కాదు. అందుకే ముందు లోపల ఏముందో చూసి, తర్వాత ఏం చేయాలో చెప్తాను.

బయటికి కనిపించేది చెవి దొప్ప, మృదులాస్థితో చేసింది. అక్కడి నుంచి లోపలికి పెద్దవాళ్లలో సుమారు రెండున్నర సెంటీమీటర్ల గొట్టం ఉంటుంది, అది తిన్నగా ఉండదు, కొంచెం వంపు తిరిగి ఉంటుంది. గొట్టం చివర అడ్డంగా కర్ణభేరి. దాని మందం మిల్లీమీటరులో పదో వంతే. దానికి అవతల మధ్య చెవి, అంటే గాలి నిండిన చిన్న గది, అందులో సుత్తి, దాగలి (కమ్మరి దిమ్మ), అంకవన్నె (గుర్రం జీనుకి వేలాడే, కాలు పెట్టే కడియం) ఆకారాల్లో మూడు బుల్లి ఎముకలు ఒకదానికొకటి తగిలి ఉంటాయి. చివరిదైన అంకవన్నె ఎముక మూడు మిల్లీమీటర్లు ఉంటుందేమో, ఒంట్లో అన్నిటికన్నా చిన్న ఎముక అదే. కర్ణభేరి వైశాల్యం ఈ అంకవన్నె పాదం వైశాల్యానికి దాదాపు 17 రెట్లు, కాబట్టి అంత మేర పట్టిన శబ్దమంతా ఆ చిన్న పాదం మీదికి చేరి, అవతలున్న ద్రవాన్ని కదిలించగలిగే బలం తెచ్చుకుంటుంది. ఆ ద్రవం ఉన్నది లోపలి చెవిలో. రెండున్నర చుట్లు తిరిగిన కర్ణావర్తం వినడానికి, దాని పక్కనే ఉన్న మూడు అర్ధవృత్తాకార నాళాలు ఒళ్లు తూలకుండా నిలబడడానికి.

ఇక మధ్య చెవిలోకి గాలి వచ్చేపోయే దారి యూస్టేషియన్ నాళం. 16వ శతాబ్దపు ఇటలీ వైద్యుడు యూస్టాచి దీన్ని వర్ణించాడు, ఆయన పేరే దానికి నిలిచిపోయింది. పెద్దవాళ్లలో మూడున్నర సెంటీమీటర్ల పొడవుండి, మధ్య చెవి నుంచి ముక్కు వెనక భాగంలోకి తెరుచుకుంటుంది. మామూలుగా మూసుకునే ఉంటుంది, మనం మింగినప్పుడో ఆవలించినప్పుడో ఒక్క క్షణం తెరుచుకుంటుంది. ఘాట్ రోడ్డు కథంతా ఈ నాళం దగ్గరే ఉంది.

తిరుపతి సముద్ర మట్టానికి 160 మీటర్ల ఎత్తులో ఉంటే తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉంది. ఈ తేడాకి గాలి పీడనం దాదాపు 8 శాతం మారుతుంది. కింద కొన్న చిప్స్ ప్యాకెట్ కొండెక్కేసరికి ఉబ్బుతుంది కదా, మధ్య చెవిలో గాలి కూడా అలాగే వ్యాకోచిస్తుంది. 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డులో పైకి పోయేటప్పుడు ఆ ఎక్కువైన గాలి నాళాన్ని నెట్టుకుని తనంతట తానే బయటికి పోతుంది, 'టప్' మని ఒక చిన్న చప్పుడు, అంతే. 1944 నాటి మొదటి రోడ్డులో దిగేటప్పుడు దీనికి తిరగబడుతుంది. బయట పీడనం పెరుగుతూ ఉంటుంది, లోపల తగ్గినట్టవుతుంది, కర్ణభేరి లోపలికి లాక్కుపోతుంది, ఆ నాళం మెత్తటి గోడలు ఇంకా అతుక్కుపోతాయి. అది తనంతట తెరుచుకోదు, మనమే తెరవాలి. ఎక్కేటప్పుడు కన్నా దిగేటప్పుడు జాస్తిగా నొప్పి పుట్టేది అందుకే. అలిపిరి మెట్లదారిలో 3,550 మెట్లూ నడిచి దిగేవాళ్లకి ఈ బాధ ఉండదు, గంటల తరబడి దిగుతారు కాబట్టి మింగిన ప్రతిసారీ సర్దుకుంటూ పోతుంది.

కాబట్టి బస్సు దిగడం మొదలుపెట్టగానే, చెవి మూసుకునేదాకా ఆగకుండా, ఏదైనా చప్పరిస్తూ ఉండండి. కలకండ, చాక్లెట్, చూయింగ్ గమ్, ఏదైనా సరే, పని మింగడంతోనే. నీళ్ల సీసా చేతిలో పెట్టుకుని గుటక గుటకగా తాగినా చాలు. అప్పటికే మూసుకుపోయి ఉంటే ముక్కు రెండు వైపులా మూసి, నోరు మూసి, ఒక్క గుటక మింగండి, చాలామందికి దీంతోనే తెరుచుకుంటుంది. కాకపోతే ముక్కూ నోరూ మూసి, బుగ్గల్లో గాలి నింపి చాలా మెల్లగా ముక్కులోకి ఊదండి. గట్టిగా ఊదొద్దు, కర్ణభేరికీ లోపలి చెవికీ దెబ్బ తగులుతుంది. జలుబుండి ముక్కు కారుతుంటే ఊదే పద్ధతి అసలు వద్దు, చీమిడి తిన్నగా మధ్య చెవిలోకి పోతుంది. అప్పుడు మింగడం ఒక్కటే మంచిది. దర్శనం చేసుకుని రాత్రంతా నిద్రలేక బస్సెక్కగానే పడుకునేవాళ్లని దిగుడు మొదలయ్యేటప్పుడే లేపండి, నిద్రలో మింగడం బాగా తగ్గిపోతుంది, అలిపిరి వచ్చేసరికి నొప్పితో లేస్తారు.

చంటిపిల్లలకి మనం చెప్పి చేయించలేం కాబట్టి దిగేటప్పుడు పాలివ్వడమే ఉపాయం, తల్లిపాలైనా సీసా అయినా. నేను చాలాసార్లు గమనించాను, గుక్కపెట్టిన బిడ్డ నాలుగు గుటకలు వేయగానే ఏడుపు ఆపి, కళ్లు పెద్దవి చేసి చుట్టూ చూస్తుంది. అదే చెవి తెరుచుకున్న గుర్తు. ఇంట్లో కూడా ఒక సంగతి మరిచిపోవద్దు. పిల్లల్లో ఆ నాళం పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది, వెల్లకిలా పడుకోబెట్టి సీసా పాలు పడితే అవి మధ్య చెవి వైపు పోయి చీము పట్టే అవకాశం ఉంది. తల కాస్త ఎత్తి పట్టుకునే పాలు పట్టండి.

మలుపుల్లో వాంతులు వచ్చేదీ చెవి వల్లే. అర్ధవృత్తాకార నాళాలు తిరుగుతున్నామని చెప్తుంటే, ఫోన్ మీదున్న కళ్లు కదలడం లేదని చెప్తాయి. ఫోన్ లోపల పెట్టి, ముందు సీటులో కూర్చుని దూరంగా రోడ్డు వైపు చూడండి.

ఇప్పుడు గొట్టం సంగతి. గుబిలిని మురికి అనుకుని నెలనెలా తీయించేవాళ్లున్నారు, నాకు చాలా బాధేసే విషయం ఇది. గొట్టంలో బయటి మూడో వంతు చర్మంలో మాత్రమే గుబిలి ఊరే గ్రంథులు, వెంట్రుకలు ఉంటాయి. దుమ్మునూ సూక్ష్మజీవుల్నీ పట్టి ఆపడానికే అది ఊరుతుంది. లోపలి చర్మం కర్ణభేరి దగ్గర నుంచి బయటికి మెల్లగా జరుగుతూ ఉంటుంది, మనం నమిలినప్పుడు దవడ కదలిక దానికి తోడవుతుంది, అలా గుబిలి దానంతటదే ఎండి బయటికి రాలుతుంది. ఇయర్‌బడ్ పెట్టామంటే బయటికి వచ్చేదాన్ని మళ్లీ లోపలికి కూరినట్టే. అక్కడ ఎముక మీద చర్మం బాగా పల్చన, చిన్నగా గీసుకున్నా పుండవుతుంది. స్నానం అయ్యాక దొప్పనీ గొట్టం మొదటనీ పల్చటి గుడ్డతో తుడవండి, చాలు. గుబిలి గట్టిపడి వినిపించకపోతే డాక్టర్ ఇచ్చిన చుక్కలు నాలుగైదు రోజులు వేసి, మెత్తబడ్డాక వాళ్లతోనే తీయించుకోండి. రోడ్డు పక్కన చెవులు శుభ్రం చేసే వాళ్ల దగ్గర తల వంచొద్దు.

నూనె గురించి అవ్వలతో వాదన పెట్టుకోవడం కష్టం, నిజమే. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోస్తే నొప్పి తగ్గుతుందని వాళ్ల నమ్మకం. కానీ నొప్పి చాలావరకు మధ్య చెవిలో పుడుతుంది, కర్ణభేరి అడ్డంగా ఉన్నంతవరకు పోసిన నూనె అక్కడికి చేరదు. కర్ణభేరికి చిల్లు ఉంటే చేరుతుంది, అది ఇంకా ప్రమాదం. పైగా కాలిందంటే చర్మం ఊడుతుంది, తడిగా నిలిచిపోతే బూజు పడుతుంది. "నొప్పి లోపలుంది అవ్వా, నూనె అక్కడికి పోదు" అని మెల్లగా చెప్పి చూడండి, చాలామంది వింటారు.

పుష్కరిణిలో మునిగినా, కపిలతీర్థం జలపాతం కింద నిలబడినా నీళ్లు పోతే తల ఆ వైపుకి వంచి దొప్పని పైకి, వెనక్కి లాగి పట్టుకోండి. ఆ లాగడంతో వంపు తిన్నగా అవుతుంది, నీళ్లు జారిపోతాయి. హెయిర్ డ్రయర్ ఉంటే తక్కువ వేడిలో అడుగు దూరం నుంచి కాసేపు పెట్టొచ్చు. పిల్లాడి చెవిలో ఏముందో టార్చ్ వేసి చూడాలన్నా ఇదే పద్ధతి, కాకపోతే మూడేళ్లలోపు వాళ్లకి కిందికి, వెనక్కి లాగాలి. బయటి కొంత భాగమే కనబడుతుంది, అంతకన్నా లోపలికి ఏదీ పెట్టొద్దు.

మన చిత్తూరు ఇళ్లలో చెనక్కాయలు వలిచే రోజుల్లో పిల్లలు గింజ చెవిలో పెట్టుకోవడం మామూలే. నీళ్లు గానీ చుక్కలు గానీ పోయొద్దు, గింజ ఉబ్బి బిగుసుకుపోతుంది. పిన్నుతో గెలికితే ఇంకా లోపలికి పోతుంది. ఆస్పత్రికి తీసుకుపోవడమే. బొమ్మల్లో ఉండే గుండ్రటి బ్యాటరీ అయితే ఒక్క గంట కూడా ఆగొద్దు, అది లోపల చర్మాన్ని కాల్చేస్తుంది. మామిడి తోటల్లో ఆరుబయట పడుకున్నప్పుడు పురుగు దూరి గిలగిల కొట్టుకుంటుంటే మాత్రం, చెవిలో చీము, చిల్లు లాంటివి లేనివాళ్లు, వేడి లేని కొబ్బరినూనె నాలుగు చుక్కలు వేయొచ్చు. పురుగు చచ్చి కదలిక ఆగుతుంది, తర్వాత డాక్టర్ తీస్తారు. చెవిలో నూనెకి నేను ఒప్పుకునేది ఈ ఒక్కచోటే.

చెవులు కుట్టించేటప్పుడు తమ్మెకే కుట్టించండి, అక్కడ మృదులాస్థి లేదు, త్వరగా మానుతుంది. పైన దొప్పకి కుట్టిస్తే, మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు కాబట్టి, చీము పడితే దొప్ప ఆకారమే చెడిపోతుంది. ఇంకోటి, పిల్లల్ని చెంప మీద కొట్టొద్దు. అరచెయ్యి చెవి మీద పడితే గొట్టంలో గాలి ఒక్కసారిగా నొక్కుకుని కర్ణభేరి పగిలిపోతుంది.

గంగమ్మ జాతరలో డీజే స్పీకర్ల పక్కన గంటల తరబడి నిలబడితే దెబ్బ కర్ణావర్తానికి. ఒక్కో చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు సుమారు 15,000 ఉంటాయి, చచ్చిన కణం మళ్లీ మొలవదు. 85 డెసిబెల్స్‌కి రోజుకి 8 గంటలు హద్దు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుంది. స్పీకర్‌కి దూరంగా జరగండి, ఫోమ్ ఇయర్‌ప్లగ్ ఉంటే నలిపి సన్నగా చేసి, దొప్పని పైకి లాగి పెట్టి అరనిమిషం వేలితో పట్టుకోండి. దూది పెద్దగా ఆపదు. ఇంటికొచ్చాక చెవులు గింగురుమంటుంటే మర్నాడు ఇయర్‌ఫోన్స్ పక్కన పెట్టేయండి.

పుట్టిన బిడ్డకి నెలలోపు వినికిడి పరీక్ష చేయించండి, లోపం ఉంటే మూడు నెలల్లోపు తేలాలి, ఆరు నెలల్లోపు చికిత్స మొదలవ్వాలి. వినికిడి లోపమున్న చిన్నపిల్లలకి మాటలు నేర్పించడానికి తిరుపతిలో టీటీడీ శ్రవణం ప్రాజెక్టు ఉంది, వివరాలు అక్కడే అడగొచ్చు.

తిరుపతి రుయా ఆస్పత్రికో, చిత్తూరు ప్రభుత్వాస్పత్రికో, దగ్గర్లోని ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికో ఆ రోజే పోవాల్సినవి కొన్నున్నాయి. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోవడం వాటిలో ముందుది. పొద్దున లేచేసరికి ఒకవైపు మూగబోతే 'జలుబేమోలే' అని వారం ఆగుతారు, అది లోపలి చెవి నరం దెబ్బయితే మొదటి రోజుల్లో ఇచ్చే స్టెరాయిడ్ మందే ఆశ. మూతి ఒకవైపు లాగడం, చెవి వెనక ఎముక వాచి దొప్ప ముందుకి రావడం, జ్వరంతో చీము, తలకి దెబ్బ తగిలాక చెవిలోంచి రక్తం గానీ నీరు గానీ కారడం, ఇవీ అంతే. పోయేటప్పుడు ఎప్పుడు మొదలైందో, ఏ చెవో, అంతకు ముందు అందులో ఏం వేశారో దాచకుండా చెప్పండి, చూసేముందు ఇంకేమీ వేయొద్దు.