చెత్త సినిమాకు హాస్య వ్యాఖ్యానం – మూడవ పాఠం: సందు చూసి మాట వేయడం

గత పాఠం చివర ఒక పని అప్పగించాను. ‘మానోస్: ది హ్యాండ్స్ ఆఫ్ ఫేట్’ సినిమాను మొదటిసారి కలం ముట్టకుండా, రెండోసారి ఆపుకుంటూ చూడమన్నాను. నవ్వు వచ్చిన చోట, విసుగు పుట్టిన చోట, ‘ఇదేమిటి ఇలా తీశారు’ అనిపించిన చోట నిమిషం, సెకను రాసుకోమన్నాను. ఆ పట్టిక చేతిలో ఉంటేనే ఈ పాఠం ఉపయోగపడుతుంది. ఇంకా చేయనివారు ఇక్కడే ఆగి, ఆ పని ముగించుకుని రండి. సినిమా దాదాపు 70 నిమిషాలే.

కొత్తగా చేరినవారి కోసం నాలుగు మాటలు. ఇది 1966లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం ఎల్ పాసో పట్టణంలో తీసిన భయానక చిత్రం. ఎరువుల వ్యాపారి హెరాల్డ్ వారెన్ దీనికి కథ రాసి, దర్శకత్వం వహించి, కథానాయకుడిగా కూడా నటించాడు. విహారయాత్రకు బయలుదేరిన భార్యాభర్తలు, వాళ్ల పాప దారి తప్పి ఒక ఒంటరి ఇంటికి చేరతారు. ఆ ఇంటిని టోర్గో అనే కాపలాదారు చూసుకుంటుంటాడు. అతనికి ఒక యజమాని, ఆ యజమానికి చాలామంది భార్యలు. కథ అంతే. చేతితో స్ప్రింగు తిప్పి నడిపే 16 ఎంఎం కెమెరా కావడంతో ఒక్కో షాటు 32 సెకన్లకు మించలేదు. చిత్రీకరణలో శబ్దం రికార్డు చేయలేదు. తర్వాత కొద్దిమందే కూర్చుని అందరి పాత్రలకూ గొంతు ఇచ్చారు. ఆ ప్రాంతంలో కొద్దికాలం ఆడి మరుగున పడిపోయిన ఈ సినిమాను 1993 జనవరిలో ‘మిస్టరీ సైన్స్ థియేటర్ 3000’ అనే టీవీ కార్యక్రమం బయటికి తీసి, ఒక మనిషి, రెండు రోబో బొమ్మల వ్యాఖ్యానంతో ప్రసారం చేసింది. ఆ రాత్రి నుంచి ఇది ఈ కళ నేర్చుకునేవారికి పెద్దబాలశిక్ష అయింది.

ఇక అసలు విషయం. ఆ టీవీ కార్యక్రమానికి ఒక సౌకర్యం ఉండేది. సినిమా, వ్యాఖ్యానం ఒకే టేపు మీద ఉండేవి. జోకు వచ్చే చోట సినిమా శబ్దాన్ని కాస్త తగ్గించుకోవచ్చు. అభిమానులు చేసే ట్రాకుకు, అంటే సినిమాతో పాటు వినేలా విడిగా రికార్డు చేసిన వ్యాఖ్యానానికి, ఆ వీలు లేదు. సినిమా మీద హక్కులు ఇంకొకరివి. మనం ఇవ్వగలిగింది మన గొంతు ఒక్కటే. చూసేవారు సినిమాను తమ దగ్గర తాము నడుపుకుని, మన ఆడియోను పక్కన పెట్టుకుంటారు. అభిమానులు ఇలా సొంత వ్యాఖ్యానాలు రికార్డు చేసి పంచుకోవచ్చని విమర్శకుడు రోజర్ ఎబర్ట్ 2002లోనే రాశారు. ఆ టీవీ కార్యక్రమంలో పనిచేసిన మైక్ నెల్సన్ 2006లో రిఫ్‌ట్రాక్స్ అనే వ్యాఖ్యానాల సంస్థ మొదలుపెట్టినప్పుడు అనుసరించినదీ ఈ పద్ధతే. సినిమాను అమ్మకుండా, వ్యాఖ్యానం ఎమ్‌పీ3 మాత్రమే అమ్మేవారు.

అంటే సినిమా శబ్దం ఎంత ఉండాలో మన చేతిలో లేదు. పాత్ర మాట్లాడుతున్నప్పుడు మనమూ మాట్లాడితే రెండూ వినబడవు. చూసేవారు వెనక్కి జరిపి మళ్లీ వినాల్సి వస్తుంది. ఒకసారి వెనక్కి జరిపారంటే ట్రాకు, సినిమా తప్పిపోతాయి. మీరు ఎంత మంచి జోకు రాసినా అక్కడితో పోయినట్టే. అందుకే ఈ పనిలో మొదట నేర్చుకోవాల్సింది జోకు రాయడం కాదు, సందు వెతకడం. సినిమాలో ఎవరూ మాట్లాడని, ముఖ్యమైన శబ్దమేదీ లేని క్షణాన్ని సందు అంటున్నాను. మీ ఆస్తి మొత్తం అదే.

పట్టిక ముందు పెట్టుకుని సినిమాను మూడోసారి నడపండి. ఈసారి బొమ్మ చూడకపోయినా ఫరవాలేదు, చెవులు రిక్కించి వినండి. ఒక పాత్ర వాక్యం ముగిశాక రెండో పాత్ర నోరు తెరిచేలోపు ఎన్ని సెకన్లు ఉన్నాయో గడియారంతో కొలవండి. మంచి సినిమాలో ఈ సందులు చాలా చిన్నవి. ‘మానోస్’లో విశాలంగా ఉంటాయి. మాటలను చిత్రీకరణ తర్వాత అతికించినందువల్ల నటులు చెప్పాల్సింది చెప్పేసి ఒకరినొకరు చూస్తూ నిలబడిపోతారు. ఆ నిలబడిపోవడం మనకు వరం. అందుకే మొదటి సాధనకు ఈ సినిమానే ఎంచుకోమన్నాను.

సందు నాలుగు సెకన్లు ఉంటే మీ మాట మూడు సెకన్లకు మించకూడదు. ముందు అర సెకను, వెనుక అర సెకను ఖాళీ వదలండి. ముందు వదిలిన ఖాళీలో పాత్ర చెప్పింది చూసేవారి మనసుకు అందుతుంది. వెనుక వదిలిన ఖాళీలో వాళ్లు నవ్వుతారు. ఈ లెక్క కళ్లతో చదివి తేల్చుకునేది కాదు. పైకి చదివి, గడియారం చూడండి. మనసులో చదివినప్పుడు పొట్టిగా ఉన్న వాక్యం నోటితో అనేసరికి బాగా సాగుతుంది.

పెద్ద సందులు చిన్నవాటికంటే ప్రమాదకరం. ఈ సినిమా మొదట్లో కారు ప్రయాణం దృశ్యం ఉంది కదా. రోడ్డు, పొలాలు, మళ్లీ రోడ్డు. కొత్తవారు దీన్ని చూడగానే దొరికిందే అవకాశం అని పది జోకులతో నింపేస్తారు. దయచేసి అలా చేయకండి. ఆ దృశ్యంలో నవ్వు పుట్టించేది దాని నిడివే. మీరు వరుసగా మాట్లాడితే చూసేవారికి ఆ నిడివి తెలియదు, తెలియనప్పుడు దాని మీద వేసిన జోకు పేలదు. మొదట ఒక మాట అనండి. తర్వాత చాలాసేపు ఊరుకోండి. ‘ఇంకా అయిపోలేదా’ అని చూసేవారు మనసులో అనుకునే సమయానికి రెండో మాట వేయండి. దృశ్యం మొత్తానికి మూడు చాలు.

ఇప్పుడు ఒక్క దృశ్యాన్ని తీసుకుని మాట ఎలా తయారవుతుందో చూద్దాం. రాత్రి వేళ. ఇద్దరు పోలీసులు కారులో ఉంటారు. దూరంగా తుపాకీ పేలిన శబ్దం. ఇద్దరూ దిగి, చీకటివైపు కొన్ని అడుగులు వేసి, అటూ ఇటూ చూసి, తిరిగి వచ్చేసి కారెక్కుతారు. దీనికి కారణం చాలా సాదా. చిత్రబృందం దగ్గరున్న దీపాల వెలుగు అంతవరకే పడింది. ఇంకో నాలుగడుగులు వేస్తే నటులు కనబడరు.

తొలి ప్రయత్నంలో ఎవరికైనా తట్టేది ఇది:

“తుపాకీ పేలిన శబ్దం విని కూడా ఈ పోలీసులు నాలుగడుగులు వేసి వెనక్కి వెళ్లిపోతున్నారు, ఎంత బద్ధకమో చూడండి.”

ఇందులో మూడు లోపాలున్నాయి. మొదటిది, తెర మీద కనబడుతున్నదే మళ్లీ చెబుతోంది. రెండోది, సందుకు పట్టదు. మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది: ఇది ఏ సినిమాలోని ఏ పోలీసులకైనా సరిపోతుంది. ఈ దృశ్యానికి మాత్రమే చెందిన విషయం వెలుతురు. దాన్ని పట్టుకోవాలి:

“లైటు పడినంత వరకే ఈ స్టేషను పరిధి.”

మెరుగైంది. అయినా నవ్వు పుట్టించే మాట ‘లైటు’ ముందే వచ్చేసింది. చూసేవారు నవ్వడం మొదలుపెట్టాక మనం ఇంకా మాట్లాడుతూనే ఉన్నాం. తెలుగులో పదాల క్రమాన్ని తిప్పుకునే వెసులుబాటు ఉంది. దాన్ని వాడుకోవాలి:

“ఈ స్టేషను పరిధి... లైటు పడినంత వరకే.”

మధ్యలో చిన్న విరామం. ఇంగ్లిషు వ్యాఖ్యానాలు వినివిని అలవాటైనవారు వాటి వాక్యాన్నే మనసులో పెట్టుకుని రాస్తారు. అప్పుడు తెలుగు వాక్యం చివర క్రియాపదం వచ్చి కూర్చుని, నవ్వాల్సిన మాట నడుమ ఇరుక్కుంటుంది. వీలైన చోట క్రియను వదిలేయండి. పైవాక్యంలో క్రియ లేదు, లోటూ లేదు.

ఇక ఎప్పుడు అనాలి? పోలీసులు నడుస్తున్నప్పుడు అంటే తొందరపడినట్టు. వెనక్కి తిరిగాక అంటే జరిగినదాన్ని వివరించినట్టు. వాళ్లు ఆగి చీకట్లోకి చూసే క్షణం ఒకటుంది. అప్పుడు అనండి. మీ మాట ముగియగానే వాళ్లు వెనక్కి తిరుగుతారు. మీరు చెప్పినట్టే సినిమా నడుచుకుంది! అసలు నవ్వు ఆ తిరగడంలో వస్తుంది. ఈ ఒక్క కిటుకు ఒంటబట్టిందంటే మీ ట్రాకు సగం పైకి వచ్చినట్టే. మీరు ఊతం ఇవ్వండి, నవ్వించే పని సినిమాను చేయనివ్వండి.

సినిమా పొడవునా అల్లుకునే జోకు మరో రకం. ‘మానోస్’లో ఒక యువ జంట కారులో ముద్దులాడుకుంటూ కనబడుతుంది. పోలీసులు వచ్చి అదిలిస్తారు. తర్వాత మళ్లీ అదే జంట, అదే కారు. కథతో వాళ్లకు సంబంధమే లేదు. చిత్రీకరణ తొలిరోజుల్లోనే కాలు విరిగిన నటిని వదిలేయకుండా, కూర్చునే ఉండే పాత్ర ఒకటి సృష్టించి ఇచ్చారు. నాకు ఆ సంగతి తెలిశాక దర్శకుడి మీద గౌరవం పెరిగింది. కథలో కుటుంబం దారి తప్పింది, వీళ్లు మాత్రం ఉన్నచోటే హాయిగా ఉన్నారు. కాబట్టి మొదటిసారి: “ఈ సినిమాలో దారి తప్పనివాళ్లు వీళ్లిద్దరే.” మళ్లీ కనబడినప్పుడు: “దారి తప్పనివాళ్లు.” ఆ తర్వాత ఉత్త “ఆఁ, వాళ్లే.” ప్రతిసారీ మాట చిన్నదవాలి. చూసేవారికి మిగతాది గుర్తుండటమే ఇక్కడి ఆనందం.

ఎవరి మీద జోకు వేయకూడదో కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో నేను పట్టుదలగా ఉంటాను. టోర్గో పాత్ర నడక వింతగా ఉంటుంది, మోకాళ్లు ఉబ్బి ఉంటాయి, అతను నడిస్తే ప్రత్యేకంగా ఒక సంగీతం మోగుతుంది. పాత్ర మీద, సంగీతం మీద ఎంతైనా అనండి. ఆ వేషం వేసిన జాన్ రేనాల్డ్స్ సినిమా విడుదలకు ముందు నెలలోనే, చిన్న వయసులో మరణించాడు. అతని శరీరం మీద, జీవితం మీద ఒక్క మాట వద్దు. పాప పాత్ర గొంతు విడ్డూరంగా ఉంటుంది. అది ఆ పాపది కాదు, పెద్దవాళ్లెవరో ఇచ్చినది. తొలి ప్రదర్శనలో తన నోటి నుంచి వేరే గొంతు రావడం విని ఏడ్చేశానని ఆమె పెద్దయ్యాక చెప్పింది. గొంతు అతికించిన తీరు మీద జోకు వేయండి, పిల్ల నటన మీద వద్దు. సినిమా ఎలా తయారైందో తెలుసుకోమని మొదటి పాఠంలో అంతగా చెప్పింది ఇందుకే. అది తెలిస్తే ఏది తప్పో, ఏది నిస్సహాయతో మీకే తెలుస్తుంది.

‘రాసుకోవడం ఎందుకు, చూస్తూ అప్పటికప్పుడు అనేస్తే సహజంగా ఉంటుంది కదా’ అని కొందరు అడుగుతారు. ‘మిస్టరీ సైన్స్ థియేటర్ 3000’ కూడా 1988లో మినియాపోలిస్ ప్రాంతపు స్థానిక చానల్లో మొదలైనప్పుడు చాలావరకు అప్పటికప్పుడు అన్న మాటలతోనే నడిచింది. మరుసటి ఏడాది జాతీయ కేబుల్ చానల్‌కు వెళ్లాక ముందే చూసి, రాసి, సాధన చేయడం మొదలుపెట్టారు. రెండు కాలాల భాగాలూ చూడండి, తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

రాసుకునే కాగితం మీద నాలుగు గడులు చాలు: సమయం, సందుకు ముందు సినిమాలో వినబడే చివరి మాట, సందు ఎన్ని సెకన్లు, మీ మాట. రెండో గడిని బద్ధకించి వదిలేయకండి. రికార్డు చేసేటప్పుడు గడియారం కన్నా చెవి నమ్మకమైనది. ఇద్దరు కలిసి చేస్తుంటే ఎవరి మాట ఏదో పక్కన గుర్తు పెట్టుకోండి.

ఈ విడత సాధన ఇది. సినిమా మొదటి 15 నిమిషాలకు మాత్రమే మాటలు రాయండి. ఎన్ని తట్టినా రాసి, చివరికి సగం కొట్టేయండి. కొట్టేసేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ మాట వేరే సినిమాకు కూడా సరిపోతుందా? సరిపోతే తీసేయండి. తర్వాత ఈ సినిమా చూడని స్నేహితుణ్ణి ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని, సినిమా నడుపుతూ మీ మాటలు పైకి చదవండి. నవ్విన చోట కాదు, “ఏమన్నాడు?” అని అడిగిన చోట గుర్తు పెట్టుకోండి. అక్కడ మీరు పాత్ర మాట మీద పడ్డారు. ఆ మాటను జరపండి, లేదా కుదించండి.

వచ్చే పాఠంలో రికార్డింగు, ట్రాకును సినిమాతో కలిపి నడపడం. సెకనుకు దాదాపు 24 బొమ్మల వేగంతో నడిచే సినిమా కాపీకి చేసిన ట్రాకు, ఐరోపా పద్ధతిలో 25 బొమ్మల వేగంతో నడిచే కాపీతో కలవదు. 70 నిమిషాల సినిమాలో దాదాపు మూడు నిమిషాల తేడా వస్తుంది. అందుకే ట్రాకు మధ్యమధ్య సరిచూసుకునే గుర్తులు ఎలా పెట్టాలో చెబుతాను. ఆలోగా తీగ ఉన్న హెడ్‌ఫోన్లు ఒక జత సంపాదించుకోండి. సినిమా శబ్దం మీ మైకులోకి పోకుండా ఉండాలంటే అవి తప్పనిసరి. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్లో ఎక్కించుకుని, మీ గొంతు ఒక నిమిషం రికార్డు చేసి విని ఉంచండి.