బండి మిస్సింగ్ కొడుతోందా? కాయిల్ కొనే ముందు దాని చోటు మార్చి చూడండి

సమస్య

నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి దాకా చదును రోడ్డు మీద పెట్రోల్ కారు బాగానే పోతుంది. అదే బండి నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని, శ్రీశైలం డ్యాం దాటి దోమలపెంట వైపు ఘాట్ ఎక్కేటప్పుడు గుంజుతుంది. యాక్సిలరేటర్ తొక్కినా పికప్ రాదు. ఆపి ఐడ్లింగ్‌లో పెడితే స్టీరింగ్ వణుకుతుంది, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోల్ వాసన వస్తుంది, మీటర్లో పసుపు రంగు చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది. మూడు సిలిండర్ల బండి అయితే ఈ వణుకు ఇంకా ఎక్కువ. ఒక సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడమే ఇది, దీన్నే మిస్సింగ్ అంటారు. ప్లగ్గుకు నిప్పు అందించే ఇగ్నిషన్ కాయిల్ దీనికి ఒక కారణం కావచ్చు.

లైట్ వెలిగి అలాగే ఉంటే మెల్లగా ఇల్లు చేరవచ్చు. టకటకా కొట్టుకుంటుంటే మాత్రం పక్కకు ఆపేయండి. కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోకి వెళ్లి అక్కడ మండితే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. దాని ధర ముందు కాయిల్ ధర ఎంత!

డీజిల్ బండి వాళ్లు ఇక్కడితో ఆపేయవచ్చు. ఆ ఇంజిన్‌లో ఇగ్నిషన్ కాయిల్ ఉండదు.

కారణం ఎక్కడ?

బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను వేల వోల్టులకు పెంచి స్పార్క్ ప్లగ్గులో నిప్పు పుట్టించడమే కాయిల్ పని. ఇప్పటి బండ్లలో ఎక్కువగా ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ కూర్చుని ఉంటుంది. ఇంజిన్ మీద లోడ్ పెరిగే కొద్దీ నిప్పుకు ఎక్కువ వోల్టేజ్ కావాలి. అందుకే నీరసించిన కాయిల్ ఎత్తు ఎక్కేటప్పుడే దొరికిపోతుంది. వేడికి కూడా అంతే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు. మే నెల మధ్యాహ్నం 44 డిగ్రీల ఎండలో గంటసేపు నడిపాక, కాయిల్ లోపలి పగులు విచ్చుకుని మిస్సింగ్ మొదలవుతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేసరికి ఇంజిన్ చల్లబడి బండి బుద్ధిగా నడుస్తుంది.

స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు (బండి కంప్యూటర్ గుర్తించిన లోపాలను చదివే చోటు) చిన్న బ్లూటూత్ స్కానర్ పెట్టి ఫోన్‌లో కోడ్ చదవండి. పి0302 అంటే రెండో సిలిండర్ మిస్ అవుతోందని. పి0352 అంటే రెండో కాయిల్ సర్క్యూట్‌లో తేడా ఉందని. మొదటి కోడ్ చూసి చాలామంది నేరుగా ఆటోమొబైల్ షాపుకు పరుగెత్తుతారు. ఆ కోడ్ ఏ సిలిండరో చెబుతుంది గానీ ఏ పార్టో చెప్పదు.

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. రెండో కాయిల్‌ను మూడో దాని చోట, మూడో దాన్ని రెండో చోట పెట్టండి (విప్పే పద్ధతి కింద ఉంది). సాధారణంగా బెల్టు లేదా టైమింగ్ చెయిన్ ఉన్న వైపు నుంచి ఒకటి, రెండు అని లెక్క. కోడ్ చెరిపేసి, లోడ్ మీద కాసేపు నడపండి. ఇప్పుడు పి0303 వస్తే తప్పు కాయిల్‌దే. మళ్లీ పి0302 వస్తే కాయిల్ మంచిదే. తర్వాత ప్లగ్గులు కూడా ఇలాగే మార్చి చూడండి. అప్పటికీ కోడ్ కదలకపోతే ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి. అది ఇంట్లో తేలే పని కాదు.

సర్క్యూట్ కోడ్ వచ్చి, కాయిల్ మార్చినా అక్కడే ఉంటే వైరింగ్ అనుమానించండి. ఇంటి ముందు వడ్ల బస్తాలు, పక్కనే నాలుగు రోజులుగా కదలని కారు ఉంటే ఎలుకలు బానెట్ కిందికి చేరతాయి. కప్లర్ (కాయిల్‌కు వైర్లు కలిపే ప్లాస్టిక్ క్లిప్పు) దగ్గరి సన్న వైర్లు వాటికి ఇష్టం. తెగిన వైరును మెలిపెట్టి టేపు చుడితే వేడికి టేపు ఊడుతుంది. టంకం వేసి, స్లీవ్ తొడిగించండి.

మార్చే పద్ధతి

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పండి. పైన ప్లాస్టిక్ కవర్ ఉంటే తీసేయండి. కప్లర్‌కు జారే లాక్ ఉంటే ముందు దాన్ని వెనక్కి లాగి, తర్వాత నొక్కు నొక్కి కప్లర్ పట్టుకునే లాగండి, వైర్లు పట్టుకుని కాదు. పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, పుటుక్కున విరుగుతుంది. చాలా బండ్లలో కాయిల్‌కు ఒకే 10 నంబర్ బోల్టు. అది విప్పాక కాయిల్‌ను కొంచెం అటూ ఇటూ తిప్పి నిటారుగా పైకి లాగండి.

ఇప్పుడు టార్చ్ వేసి ఆ గుంతలోకి చూడండి. మన రోడ్ల దుమ్మంతా అక్కడే ఉంటుంది. ప్లగ్గు విప్పే ముందు సైకిల్ పంపుతో గాలి కొట్టి శుభ్రం చేయండి, లేకపోతే ఆ ఇసుక సిలిండర్‌లో పడుతుంది. లోపల ఆయిల్ ఉంటే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ లీకవుతోందని అర్థం. అది సరిచేయకుండా కొత్త కాయిల్ పెడితే దాని రబ్బరు బూటు (ప్లగ్గు మీద తొడుక్కునే కింది గొట్టం) కూడా నాని ఉబ్బిపోతుంది. నీళ్లు ఉంటే సర్వీసింగ్‌లో ఇంజిన్ మీద ప్రెషర్‌తో కొట్టారన్నమాట. ముందు ఆరబెట్టి నడిపి చూడండి, కాయిల్ కొనే అవసరమే రాకపోవచ్చు.

ప్లగ్గు తెల్ల పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు సన్న నల్ల గీత కనిపిస్తే, నిప్పు లోపలికి పోకుండా పక్క నుంచి దూకుతోంది. అప్పుడు ప్లగ్గు, బూటు రెండూ మార్చాల్సిందే. గ్యాప్ పెరిగిన పాత ప్లగ్గే చాలాసార్లు కాయిల్‌ను చంపుతుంది కాబట్టి ప్లగ్గుల సెట్టు మొత్తం మార్చడమే నయం. గ్యాస్ కిట్ ఉన్న బండ్లకు ఇది మరీ ముఖ్యం.

పాత కాయిల్ మీద ఉన్న పార్ట్ నంబర్ ఫోటో తీసుకుని షాపుకు వెళ్లండి. బిల్లు లేని చవక సరుకు జోలికి పోకండి. బూటు లోపల కొద్దిగా డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని గ్రీజు) రాసి, ప్లగ్గు మీద కూర్చునేదాకా నొక్కి, బోల్టు మెల్లగా బిగించండి. దాని మర అల్యూమినియంలో ఉంటుంది, బలం చూపిస్తే తెగుతుంది. కప్లర్ టక్కుమనాలి.

ఇంజిన్ తిప్పుతూ కాయిల్ చేత్తో పట్టుకుని నిప్పు చూసే పాత పద్ధతి మాత్రం వద్దు. చేతికి షాక్, బండి కంప్యూటర్‌కు ప్రమాదం.

మిగతా కాయిల్స్ బాగుంటే అన్నీ మార్చే పని లేదు. నల్లమల దారిలో తరచూ తిరిగేవాళ్లయితే ఒక కొత్త కాయిల్, ఒక 10 నంబర్ సాకెట్ డిక్కీలో పడేసుకోండి.