విదేశీ వార్తలు చదవడం ఎలా? మూడో పాఠం: రసీదు ఎవరి పేరున?

మొదటి పాఠంలో పటం పక్కన పెట్టుకొని యుద్ధ వార్త చదవడం అలవాటు చేసుకున్నాం. రెండో పాఠంలో, పోరాడుతున్న పక్షాల వెనుక ఏ దేశాలు ఉన్నాయో పట్టుకోవడం చూశాం. ఈసారి పని ఇంకొంచెం చిక్కైనది. పెద్ద దేశాలు తమ పోరును మరొకరి నేల మీద నడిపిస్తున్నప్పుడు, ఆ నేలను ఏలే కుటుంబం ఇంటికి ఏం చేరుతోందో వార్తల్లోంచి ఏరుకోవాలి. పత్రికలు ఈ రెంటినీ వేర్వేరు పేజీల్లో వేస్తాయి. యుద్ధం విదేశీ పేజీలో ఉంటుంది, అధ్యక్షుడి కూతురి ఆస్తి వాణిజ్య పేజీలో ఉంటుంది. రెండూ ఒకే కథేమోనని అనుమానం రావడంతోనే సగం పాఠం వచ్చినట్టు.

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోని తెలుగువారికి ఇందులో ఒక వెసులుబాటు ఉంది. మీలో చాలామంది పొద్దున్నే ఒడియా పత్రిక, తెలుగు పత్రిక రెండూ తిరగేస్తారు. ఒకదానిలో కోతపడిన పేరు మరోదానిలో దొరకవచ్చు. హైదరాబాద్ పాఠకుడికి లేని ఈ సౌకర్యాన్ని ఊరికే పోనివ్వకండి.

పద్ధతి ఇది. ఒక కాగితాన్ని అడ్డంగా పెట్టి మూడు నిలువు గళ్లు గీయండి. మొదటి గడి పేరు తుపాకీ, రెండోది ఖర్చు, మూడోది రసీదు. తుపాకీ గడిలో పోరాడుతున్నవారిని, ఖర్చు గడిలో ఆ పోరాటానికి డబ్బు పెడుతున్నవారిని రాయాలి. రసీదు గడిలో లైసెన్సు, గని, బ్యాంకు వాటా, కాంట్రాక్టు వంటి కాగితం ఎవరి పేరున పుట్టిందో రాయాలి. ఊరి చెరువు వేలం ఒకరి పేరున పాడి, చేపలు మరొకరి ఇంటికి చేరడం మనకు తెలియని సంగతి కాదు. వార్తలో కూడా పాట పాడినవాడిని, చేపలు తిన్నవాడిని విడివిడిగా రాసుకోవాలి.

ముందు మన నేల మీదే సాధన చేద్దాం. గంజాం నుంచి కిందికి గుంటూరు దాకా ఉన్న తీరభూమి ఒకప్పుడు ఉత్తర సర్కారులు. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధాన్ని పౌరుష గాథగా వినివినీ, అది ఫ్రెంచివారి యుద్ధం కూడా అని మరిచిపోతాం. విజయనగరం పూసపాటి విజయరామరాజు పక్షాన ఫిరంగులు పేల్చింది ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం. మరుసటి ఏడాదికే లెక్క తిరగబడింది. గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకు ఫ్రెంచివారి పొత్తు రుచించలేదు. ఇంగ్లీషువారికి కబురు పంపాడు. మద్రాసు వెనకాడింది, కలకత్తా నుంచి క్లైవ్ మాత్రం కర్నల్ ఫోర్డ్‌ను పంపాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి సేన ఓడింది. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం ఇంగ్లీషువారి చేతికి వచ్చింది.

ఈ కథను గళ్లలో పెట్టండి. తుపాకీ గడి సులువుగానే నిండుతుంది. ఖర్చు గడి దగ్గర ఆగాలి. ఫోర్డ్ సైన్యం ఖర్చు భరిస్తానని ఒప్పుకున్నది ఆనందరాజు. గెలిచాక డబ్బు ఇవ్వడానికి మీనమేషాలు లెక్కపెట్టాడు. ఆ బేరంతోనే మచిలీపట్నం ప్రయాణం వారాల తరబడి ఆలస్యమైంది. రాజు తన శత్రువును ఇంగ్లీషువారి చేత కొట్టించానని అనుకున్నాడు. క్లైవ్ తన శత్రువును రాజు ఖర్చుతో కొట్టించానని అనుకున్నాడు. పరోక్ష యుద్ధం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది, వాడుకుంటున్నది తానేనని ఇద్దరూ నమ్ముతారు.

రసీదు గడి నిండడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1778లో సర్ థామస్ రంబోల్డ్ మద్రాసు గవర్నరుగా వచ్చి, సర్కారుల జమీందార్లను మద్రాసుకు పిలిపించాడు. అప్పటికి విజయనగరంలో పేరుకు రాజు మరో విజయరామరాజు, పెత్తనం ఆయన అన్న సీతారామరాజుది. సీతారామరాజు దగ్గర రంబోల్డ్ లంచం పుచ్చుకున్నాడన్న ఆరోపణ లండన్ పార్లమెంటు దాకా వెళ్లింది. జీతంతో పొంతన లేని మొత్తాలు ఇంగ్లండుకు పంపాడన్నది మరో అభియోగం. శిక్ష మాత్రం పడలేదు. 1794 జూలైలో ఆ విజయరామరాజే పేష్కష్, అంటే కంపెనీకి కట్టాల్సిన కప్పం, బకాయిల తగాదాలో పద్మనాభం దగ్గర కంపెనీ సైన్యం చేతిలో చనిపోయాడు. ఏలే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములుంటే బయటివాడు ఎవరితో బేరం కుదుర్చుకుంటాడో ఈ ఉదాహరణ ఒక్కటే చాలు. వార్తలో తమ్ముడు, బావమరిది, అల్లుడు అన్న మాట కనబడితే వెంటనే దాని కింద గీత పెట్టండి.

ఇప్పుడు అంగోలా. క్రితం పాఠం అభ్యాసంగా ఇచ్చినది ఇదే. రష్యా ఒక వైపు, అమెరికా మరో వైపు అని రాసి ఊరుకుంటే మార్కులు సగమే. పోర్చుగల్ నుంచి 1975 నవంబరు 11న స్వతంత్రమైన ఆ దేశంలో 2002 వరకు అంతర్యుద్ధం సాగింది. రాజధాని లువాండాలో అధికారంలో ఉన్న ఎం.పి.ఎల్.ఏ. పార్టీ పక్షాన సోవియట్ ఆయుధాలు, క్యూబా సైనికులు. ఎదుట జోనస్ సవింబి నాయకత్వంలోని తిరుగుబాటు దళం యునీటా పక్షాన దక్షిణాఫ్రికా, అమెరికా. ఈ సాయాన్ని 1976లో అమెరికా చట్టసభ నిషేధించి, 1985లో ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. 1986లో సవింబి వాషింగ్టన్ వెళ్లి రీగన్‌ను కలిశాడు. తర్వాత యునీటాకు విమానాలను కూల్చే స్టింగర్ క్షిపణులు వచ్చాయి.

ఇంతవరకు పటం మీద రంగులు చక్కగా సరిపోతాయి. ఖర్చు గడికి వచ్చేసరికి చెదిరిపోతాయి. లువాండా ప్రభుత్వానికి డబ్బు తెచ్చింది అంగోలా రాష్ట్రమైన కబిండా చమురు. అక్కడ చమురు తీస్తున్నది అమెరికన్ కంపెనీ గల్ఫ్ ఆయిల్. ఆ స్థావరాలకు కాపలా ఉన్నది క్యూబా సైనికులు. 1985 మేలో ఆ స్థావరం మీద విధ్వంసానికి దిగి అంగోలా సైన్యానికి చిక్కినవారు దక్షిణాఫ్రికా కమాండోలు. అంటే అమెరికా కొమ్ముకాసిన పక్షపు మిత్రులు అమెరికన్ కంపెనీ ఆస్తిని పేల్చడానికి వస్తే, దాన్ని కాపాడుతున్నది కమ్యూనిస్టులు. సిద్ధాంతాల లెక్కన ఇది అర్థంకాని గందరగోళం. డబ్బు లెక్కన చూస్తే ఎవరూ పొరబడలేదు.

మరో పరీక్ష కూడా ఉంది. పోషకులు వెళ్లిపోతే యుద్ధం ఆగిందా? క్యూబా సైన్యం 1991కి వెళ్లిపోయింది. సోవియట్ యూనియన్ ఆ ఏడాదే అంతరించింది. దక్షిణాఫ్రికాలో ప్రభుత్వమే మారింది. యుద్ధం మాత్రం మరో పదేళ్లకు పైగా సాగింది, ఎందుకంటే యునీటా చేతిలో వజ్రాల గనులున్నాయి, ప్రభుత్వం చేతిలో చమురు ఉంది. 1998లో భద్రతా మండలి యునీటా వజ్రాల మీద ఆంక్షలు పెట్టింది. పోషకుడు పోయాక కూడా పోరు నడుస్తోందంటే ఖర్చు గడిలో మీరు రాసిన పేరు పాతబడిందని గ్రహించి, కొట్టివేసి మళ్లీ రాయాలి.

ఇక రసీదు. యుద్ధకాలంలో లెక్కలు అడగడం దేశద్రోహమవుతుంది. ఆయుధాల కొనుగోలు, చమురు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పులు బడ్జెట్‌కు బయటే సాగుతాయి. 1997 నుంచి 2002 వరకు అంగోలాలో 400 కోట్ల డాలర్లకు పైగా చమురు రాబడికి లెక్క తేలలేదని ఒక అంతర్జాతీయ మానవ హక్కుల సంస్థ 2004లో చూపింది. యుద్ధం వల్ల అవినీతి పుట్టిందని సంపాదకీయాల్లో రాస్తారు. నాకు ఆ వరుస నచ్చదు. లెక్క చెప్పనవసరం లేని స్థితి కొందరికి లాభసాటిగా ఉండటం కూడా యుద్ధం ఆగకపోవడానికి ఒక కారణం.

1979 నుంచి 2017 వరకు అధ్యక్షుడు జోసే ఎదువార్దో దోస్ శాంతోస్. ఆయన చమురు ఇంజనీరింగు చదివింది సోవియట్ బాకూలో, పెద్ద కూతురు ఇజబెల్ పుట్టింది అక్కడే. పోషక దేశాల పేర్లు పాలకుల పెళ్లి శుభలేఖల్లో, పిల్లల జన్మస్థలాల్లో దొరుకుతుంటాయి, చూస్తూ ఉండండి. ఇజబెల్‌ను 2013లో ఫోర్బ్స్ పత్రిక ఆఫ్రికా తొలి మహిళా బిలియనీరుగా ప్రకటించింది. 2016 జూన్‌లో తండ్రి ఆమెను ప్రభుత్వ చమురు సంస్థ సొనాంగోల్‌కు అధిపతిని చేశాడు. 2017 నవంబరులో కొత్త అధ్యక్షుడు తొలగించాడు. 2020 జనవరిలో 7 లక్షలకు పైగా పత్రాలు బయటపడ్డాయి. ఆమెకు, భర్తకు సంబంధించిన 400కు పైగా కంపెనీలు 41 దేశాల్లో ఉన్నట్టు విలేఖరులు లెక్కగట్టారు. తాను తప్పు చేయలేదని ఆమె వాదన.

ఆ రాశిలో ఒక్క రసీదు తీసి చూద్దాం. పోర్చుగల్ చమురు కంపెనీ గాల్ప్‌లో సొనాంగోల్‌కు పరోక్షంగా ఉన్న వాటాలో కొంత 2006లో అల్లుడి కంపెనీకి దక్కింది. అతను ముందుగా కట్టింది ధరలో 15 శాతమే. మిగతాది అప్పుగా ఇచ్చింది అమ్మిన సొనాంగోలే. ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవండి. అమ్మినవాడే కొన్నవాడికి అప్పు ఇచ్చాడు, అమ్మినవాడు ప్రభుత్వం, కొన్నవాడు ఇంటి అల్లుడు. 2021లో నెదర్లాండ్స్‌లోని మధ్యవర్తి న్యాయమండలి ఆ లావాదేవీ చెల్లదని తేల్చింది. ఎలాంటి కుంభకోణం వార్త అయినా ఇంతే. వందల కంపెనీల పేర్లు చూసి బెదిరిపోకుండా ఒక్క లావాదేవీ పట్టుకొని, సరుకు ఎవరిది, డబ్బు ఎవరిది అని అడగాలి.

అల్లుళ్లు, కూతుళ్లు ఉండేది పేద దేశాల్లోనే అనుకోకండి. 1990ల్లో లువాండాకు సుమారు 79 కోట్ల డాలర్ల ఆయుధాల అమ్మకం మీద పారిస్‌లో విచారణ జరిగింది. 2009లో శిక్ష పడినవారిలో ఫ్రాన్స్ మాజీ అధ్యక్షుడు మితెరాఁ కుమారుడు జాఁ క్రిస్తోఫ్ ఒకరు. ఆయుధాల అక్రమ రవాణా నేరం నుంచి విముక్తి దొరికినా, అక్రమ సొమ్ము పుచ్చుకున్నందుకు శిక్ష తప్పలేదు. తండ్రి హయాంలో ఆఫ్రికా వ్యవహారాల సలహాదారు కూడా ఈయనే. మూడో గడిని రెండు వైపులా నింపాలని చెప్పడానికే ఈ ఉదాహరణ.

గడి నింపేటప్పుడు ప్రతి పేరు పక్కన ఒక అక్షరం వేయండి. ఆరోపణ అయితే ఆ, అంచనా అయితే అం, తీర్పు అయితే తీ. తీర్పు పక్కన సంవత్సరం తప్పనిసరి. దోస్ శాంతోస్ కుమారుడికి కేంద్ర బ్యాంకు నుంచి 50 కోట్ల డాలర్లు బయటికి పంపిన కేసులో 2020లో ఐదేళ్ల జైలుశిక్ష పడింది. 2024లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసింది. 2020లో చదివి ఆగిపోయిన పాఠకుడికి ఆ తర్వాతి మలుపులు తెలియవు. కొత్త ప్రభుత్వం పాత కుటుంబం మీద పెట్టే కేసుల్లో న్యాయం ఎంతో, కక్ష ఎంతో తూచడం ఇంకా కష్టం. ఆ సంగతి ఐదో పాఠంలో చూద్దాం.

అభ్యాసానికి యెమెన్ తీసుకోండి. ఇది మనకు మరీ దూరపు దేశం కాదు. 2022 జనవరిలో యెమెన్ తిరుగుబాటుదారులైన హూతీలు అబుదాబి మీద జరిపిన దాడిలో చనిపోయిన ముగ్గురిలో ఇద్దరు భారతీయ కార్మికులు. గల్ఫ్‌లో మనవాళ్లున్న ఇళ్లకు ఆ వార్త ఎలా చేరిందో వేరే చెప్పనక్కరలేదు. 2014 సెప్టెంబరులో హూతీలు రాజధాని సనాను పట్టుకున్నారు. 2015 మార్చి 26న సౌదీ కూటమి బాంబుదాడులు మొదలయ్యాయి. హూతీల వెనుక ఇరాన్ ఉంది. సౌదీ కూటమిలోని యు.ఏ.ఈ. మాత్రం దక్షిణాది వేర్పాటువాదులను విడిగా పోషించింది.

ఈ పటంలో అలీ అబ్దుల్లా సాలేను ఎక్కడ పెడతారు? 1978 నుంచి 2012 వరకు పాలించాడు. 2004 నుంచి 2010 వరకు హూతీలతో పలుమార్లు యుద్ధం చేశాడు. గద్దె దిగాక వాళ్లతోనే చేతులు కలిపాడు. 2017 డిసెంబరు 4న వాళ్ల చేతిలోనే చనిపోయాడు. కొడుకు అహ్మద్ అలీ రిపబ్లికన్ గార్డు దళానికి అధిపతిగా ఉండేవాడు. సాలే కూడబెట్టిన ఆస్తి 3,200 కోట్ల నుంచి 6,000 కోట్ల డాలర్ల మధ్య ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2015లో పేర్కొంది. ఒక అంకెకు, మరో అంకెకు మధ్య దాదాపు రెట్టింపు తేడా ఉందని గమనించారా? దాని పక్కన ఏ అక్షరం వేయాలో మీరే తేల్చుకోండి.

కాగితాలు మూడు వాడండి. ఒకటి 2010 నాటికి, ఒకటి 2015 నాటికి, ఒకటి 2018 నాటికి. సాలే పేరు ఏ ఏడాది ఏ గడిలో ఉందో, కొడుకు పేరు ఏ గడిలో ఉందో రాయండి. యు.ఏ.ఈ. దగ్గర తొందరపడకండి. పెన్సిలుతోనే రాయండి, నాలుగో పాఠంలో డొల్ల కంపెనీల సంగతి చదివాక మూడో గడిలో కనీసం రెండు పేర్లు మారతాయి.