ఈకకి రంగు పట్టాలంటే ముందు జిడ్డు వదలాలి

ఒడిశాలోని మా జయపురంలో చికెన్ షాపు వెనక తెల్ల ఈకలు గోనెసంచుల్లో పడి ఉంటాయి, అడిగితే ఊరికే ఇచ్చేస్తారు. అవే ఈకలు రంగు వేసి చిన్న ప్యాకెట్‌లో వస్తే మాత్రం మనం డబ్బులు పోసి తెప్పించుకుంటాం. నేను కొర్రమీను కోసం, కొలాబ్ నది ఒడ్డున చిన్న పరిగెల కోసం ఫ్లైలు కడతాను, అంటే గాలానికి ఈకలూ వెంట్రుకలూ చుట్టి చేసే ఉత్తుత్తి ఎరలు, ఈకలకీ వెంట్రుకలకీ రంగు ఇంట్లోనే వేసుకుంటాను. చాలామంది ఏ కంపెనీ రంగు అని అడుగుతారు. రంగు తర్వాతి సంగతి. జిడ్డు పూర్తిగా వదిలించి, వేడి అదుపులో పెట్టుకుంటే మామూలు రంగుతో కూడా బ్రహ్మాండంగా వస్తుంది.

ఏ ఈక దేనికో ముందు చూసుకోండి. బ్రాయిలర్ కోడి ఆరు వారాలకే కోతకి వచ్చేస్తుంది కాబట్టి దాని మెడ ఈకలు పొట్టిగా, మెత్తగా ఉంటాయి, నీళ్లలో మునిగే ఫ్లైలకి అవి సరిపోతాయి. తొడల దగ్గర ఉండే నూగు అయితే నీళ్లలో ఊపిరి తీస్తున్నట్టు కదులుతుంది, కొర్రమీనుకి అదే కావాలి. నీటిపైన తేలే ఫ్లైకి గట్టి పోగులున్న ఈక కావాలి, అది ముదురు నాటు పుంజు మెడ మీద దొరుకుతుంది. వారపు సంతకి పుంజులు తెచ్చేవాళ్లని పరిచయం చేసుకుని, ఇంట్లో కోసినప్పుడు మెడ తోలు దాచి ఉంచమని చెప్పండి. తెల్లటి సేతువ పుంజు ఈక మీద ఏ రంగైనా అలాగే కనబడుతుంది. ఎర్రటి డేగ పుంజు ఈకని పసుపు రంగులో ముంచితే ఇటుక రంగులోకి, ఆకుపచ్చలో ముంచితే పాచి రంగులోకి వెళ్తుంది, తెల్ల ఈకతో ఆ లోతు రాదు. జింక తోక వెంట్రుకల బదులు తెల్ల మేక వెంట్రుకలు వాడండి, పొడుగ్గా ఉంటాయి, రంగు బాగా తాగుతాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. కొంగ, లకుముకి పిట్ట, ముంగిస, దుప్పి, ఇలాంటి వాటి ఈక గానీ వెంట్రుక గానీ ఎవరైనా తెచ్చి ఇచ్చినా తీసుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, అది లేకపోయినా ఒక ఫ్లై కోసం అడవి ప్రాణిని చంపించడం తప్పు. చచ్చి పడి ఉన్న కోళ్ల ఈకలు కూడా వద్దు, ఏ జబ్బుతో పోయాయో చెప్పలేం.

ఇక కడగడం. రాత్రే కుంకుడుకాయలు నానబెట్టి పొద్దున రసం తీసి, గోరువెచ్చటి నీళ్లలో కలిపి ఈకల్ని అరగంట ఉంచండి, చేత్తో నలపకుండా మెల్లగా కదపండి. నీళ్లు మార్చి మళ్లీ ఇదే పని. బాతు ఈకకి నూనె ఎక్కువ కాబట్టి మూడుసార్లయినా కావాలి. బట్టల సోడా, ఘాటు డిటర్జెంట్ జోలికి పోవద్దు, ఈక కూడా మన జుట్టులాగే ప్రోటీన్, క్షారం దాన్ని తినేస్తుంది. జిడ్డు పోయిందో లేదో తెలియాలంటే ఈక మీద నీటి చుక్క వేయండి, ముత్యంలా నిలబడితే ఇంకా పోలేదు, వెంటనే పరుచుకుంటే పోయినట్టు. కడిగిన ఈకల్ని ఆరనివ్వకుండా తడిగానే రంగులో వేయాలి, పొడి ఈకకి మచ్చలు మచ్చలుగా పడుతుంది.

రంగు కొనేటప్పుడు పట్టుకీ ఉన్నికీ వాడే యాసిడ్ రంగులు అని అడగండి. నూలు బట్టల రంగు, హోలీ పొడి ఈకకి సరిగ్గా అంటుకోవు. కిరాణా షాపులో దొరికే మిఠాయి రంగులు మాత్రం పనిచేస్తాయి, ఎందుకంటే టార్ట్రజిన్, కార్మోయిసిన్, బ్రిలియంట్ బ్లూ లాంటివి కూడా యాసిడ్ రంగులే. పాత ఇంగ్లీషు పద్ధతుల్లో పసుపు కోసం పిక్రిక్ యాసిడ్ అని కనిపిస్తుంది, దాన్ని ఇంట్లోకి తేవద్దు, ఎండితే పేలుతుంది.

స్టీలు గిన్నె తీసుకోండి, అల్యూమినియం వద్దు, ఆ గిన్నె మళ్లీ వంటకి వాడొద్దు. గుప్పెడు ఈకలకి లీటరు నీళ్లు, పావు చెంచా రంగు. ఈకలు వేశాక సన్న సెగ మీద మెల్లగా 60 నుంచి 70 డిగ్రీల దాకా తీసుకెళ్లండి, ఆవిరి లేవాలి గానీ మరగకూడదు. నేను మొదటిసారి పొయ్యి మీద పెట్టి ఫోన్ మాట్లాడుతూ ఉండిపోయాను, తెర్లి ఈకలన్నీ మెలితిరిగిపోయాయి, ఒక్కటీ పనికిరాలేదు. పది నిమిషాలయ్యాక రెండు మూడు పెద్ద చెంచాల తెల్ల వెనిగర్ పోయండి, లేదా చెంచాడు నిమ్మ ఉప్పు. వెనిగర్ ముందే పోస్తే రంగు ఒక్కసారిగా పట్టేసి చారలు పడతాయి, ముఖ్యంగా పసుపూ నీలం కలిపి చేసిన ఆకుపచ్చ పొడి అయితే ఆ రెండూ వేర్వేరు వేగంతో ఎక్కి విడిపోతాయి. మొత్తం అరగంట చాలు. తడి ఈక ఎప్పుడూ ముదురుగానే కనిపిస్తుంది కాబట్టి మధ్యలో ఒకటి తీసి కడిగి ఆరబెట్టి, పగటి వెలుతురులో చూసి అప్పుడు నిర్ణయించండి. తోలుతో ఉన్న మెడకి, కుందేలు తోలుకి ఈ వేడి పనికిరాదు, తోలు ముడుచుకుపోతుంది. చెయ్యి పెట్టగలిగేంత వెచ్చదనంలోనే గంటా రెండు గంటలు ఓపిగ్గా ఉంచాలి.

నాకు ఎక్కువ ఇష్టమైనవి మాత్రం మన పెరటి రంగులు. మా కోరాపుట్ జిల్లాలోనే ఉన్న కోట్‌పాడ్ నేతవాళ్లు ఆలు అనే చెట్టు వేరు బెరడుతో నూలుకి ఎరుపు వేస్తారు, దాన్నే అన్నభేదితో (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం) ముదురు కాఫీ రంగులోకి దింపుతారు. అది చూశాకే నేను ఈకల మీద అన్నభేది మొదలుపెట్టాను. కరక్కాయ పొడి మరిగించి, వడగట్టి, చల్లారాక ఈకల్ని గంట ఉంచండి, తర్వాత చిటికెడు అన్నభేది కలిపిన గోరువెచ్చటి నీళ్లలో వేయండి, కళ్లముందే బూడిద రంగు తిరుగుతుంది. ఫ్లై కట్టేవాళ్లు వెతుక్కునే మబ్బు రంగు ఇదే, నల్ల రంగుని పలుచన చేస్తే రాదు, అందులోంచి ఊదానో ఆకుపచ్చో బయటపడుతుంది. కావలసిన ఛాయ రాగానే తీసెయ్యాలి, ఒక్క నిమిషం ఆలస్యమైనా బొగ్గులా అవుతుంది. పసుపులో వేసి తీసిన ఈకని అదే అన్నభేది నీళ్లలో ముంచితే పాచి రంగు. అన్నభేది ఎక్కువైతే ఈక పెళుసెక్కి గాలానికి చుట్టేటప్పుడే తెగుతుంది కాబట్టి గుప్పెడు ఈకలకి చిటికెడే. ఉల్లిపాయ తొక్కల కషాయంలో కొంచెం పటిక వేస్తే బంగారు గోధుమ రంగు. ఉత్త పసుపు మాత్రం ఎండకి వెలిసిపోతుంది. బోరు నీళ్లలో ఇనుము ఉంటే లేత రంగులు మసకబారతాయి, వాన నీళ్లు పట్టి ఉంచుకుంటే మంచిది.

రంగయ్యాక నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, పాత పేపర్ల మధ్య అద్ది, పల్చటి గుడ్డసంచిలో వేసి హెయిర్ డ్రయర్‌తో గాలి కొడుతూ కదిపితే నూగు మళ్లీ విచ్చుకుంటుంది. నలిగిన ఈకని కెటిల్ ఆవిరికి చూపిస్తే సర్దుకుంటుంది. మాకు వానాకాలం తేమ ఎక్కువ, అందుకని ఎముకలా ఆరాకే మూత బిగుతుగా ఉన్న డబ్బాలో రెండు నాఫ్తలీన్ ఉండలు వేసి దాచి, రంగు ఎంత, ఎన్ని నిమిషాలు అన్నది చీటీ మీద రాసి లోపల పడేస్తాను.