పిల్ల చేతికి పానా ఇచ్చే ముందు

వేసవి సెలవులు మొదలైతే చాలు, కావలిలో మా వీధివాళ్లు ఒక్కొక్కరే వచ్చి అడుగుతారు: "మాస్టారూ, మావాడికి సైన్స్ కిట్ ఏది కొనమంటారు?" ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెప్పి రిటైరైనవాణ్ణి కదా, నాకు తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. ఏదీ కొనొద్దంటాను. ఆ పెట్టెలో ఏం తయారు కావాలో ఎవరో ముందే తేల్చేసి ఉంటారు. పిల్లాడికి మిగిలేది ముక్కలు అతికించడమే. తనకేం కావాలో వాడింకా నోరు తెరిచి చెప్పనే లేదు.

వాడు చెప్పేదాకా ఆగడమే మొదటి పని. ఒక చిన్న నోటు పుస్తకం జేబులో వేసుకోండి. పది రోజులు పిల్ల అడిగిన ప్రశ్నలన్నీ అందులో రాయండి. జవాబు మాత్రం చెప్పొద్దు. మా మనవరాలికి ఎనిమిదేళ్లు. పోయిన వేసవిలో నా పుస్తకంలోకి ఎక్కినవి ఇవీ: స్విచ్ ఆపినా ఫ్యాను కాసేపు ఎందుకు తిరుగుద్ది? బోరింగు కొడితే ముందు గాలి ఎందుకొస్తది? తొక్కడం ఆపితే సైకిల్ టికటిక అని ఎందుకంటది? మూడోది నాలుగుసార్లు వచ్చింది. అట్లా మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నను పట్టుకోండి. ఫ్యాను ప్రశ్న నాకు ఇష్టమైనదే, కానీ ఇష్టం నాది కాదుగా ముఖ్యం.

ఇక పనిముట్లు. బొమ్మవి వద్దు. ప్లాస్టిక్ సుత్తితో మేకు దిగదు, లోపం తన చేతిలోనే ఉందనుకుంటుంది పిల్ల. అసలువే కొనండి, చిన్న సైజువి: 200 గ్రాముల సుత్తి, రెండు సైజుల స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లయర్, ఇనుము కోసే హాక్సా రంపం, ఆకురాయి, ఒక పానాల సెట్టు. ఆకురాయికి పిడి ఉండి తీరాలి. పిడిలేని ఆకురాయి తోక అరచేతిలో దిగిన కుర్రాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లిన వాణ్ణి నేను. స్క్రూడ్రైవర్ మొన స్క్రూ గాడిలో నిండుగా కూర్చోవాలి, వదులైతే జారి రెండో చేతిలో గుచ్చుకుంటుంది. హాక్సా బ్లేడు బిగించేటప్పుడు పళ్లు ముందుకు చూడాలి, అది తోసేటప్పుడు కోస్తుంది. వీలైతే వస్తువుని కదలకుండా బిగించి పట్టే చిన్న బెంచి వైసు కూడా. పిల్ల నిలబడి చెయ్యి మడిస్తే, మోచెయ్యి ఎంత ఎత్తులో ఉందో వైసు పై అంచు అంతే ఎత్తులో ఉండాలి. ఐటీఐలో పెద్దవాళ్లకి చెప్పే లెక్కే ఇది. మేం పాత స్కూలు బల్ల ఒకటి తెచ్చి దానికి బిగించాం.

ఇవన్నీ బీరువాలో పెట్టి తాళం వేయకండి. గోడకి మేకులు కొట్టి తగిలించండి, ఒక్కోదాని చుట్టూ పెన్సిల్‌తో గీత గీయండి. ఖాళీ గీత కనిపిస్తే ఏది తిరిగి రాలేదో పిల్లకే తెలుస్తుంది, మీరు అరవక్కర్లేదు.

వద్దన్న జాబితా నా దగ్గర చిన్నదే. గోడ ప్లగ్గుకి తగిలించేది ఏదీ పెద్దవాళ్లు లేకుండా విప్పకూడదు. పాత టీవీ, మైక్రోవేవ్ అసలే ముట్టుకోకూడదు, వైరు పీకేశాక కూడా వాటిలో కరెంటు నిలవ ఉంటుంది. ఫోను బ్యాటరీని గుచ్చకూడదు. జుట్టు ముడి వేసుకోవాలి, కాళ్లకి చెప్పులుండాలి. అంతే.

నా తప్పు కూడా ఇక్కడే చెప్పాలి. మా అబ్బాయి చిన్నప్పుడు రేడియో విప్పుతుంటే, "అట్టా కాదురా" అని వాడి చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కునేవాణ్ణి. నేను చేస్తే ఐదు నిమిషాల్లో అయిపోయేది కదా. ఇప్పుడు వాడు పెద్ద ఉద్యోగం చేస్తున్నాడు, ఇంట్లో ట్యూబ్‌లైట్ స్టార్టర్ మార్చాలన్నా మనిషిని పిలుస్తాడు. నా చేతులు నేనే వెనక్కి కట్టుకోవాలని మనవరాలి దగ్గర నేర్చుకున్నాను. నిజంగానే వెనక్కి కట్టుకుని నిలబడతాను.

సైకిల్ పని ఇట్లా నడిచింది. మొదటి రోజు పెడల్ విప్పుతానంది. కుడివైపుది పదిహేనో నంబరు పానాతో సులువుగానే వచ్చింది. ఎడమది రాలేదు. అదే వైపుకి తిప్పుతోంది, ఇంకా బిగిసిపోతోంది. పానా మీద ఎక్కి నిలబడింది. మొహం ఎర్రబడింది. నాకు నోరు దురద. దాదాపు పావుగంట తర్వాత కోపంతో రెండో వైపుకి తోసింది, కదిలింది.

"ఏంది తాతా ఇది, తిరగబడి ఉంది?"

"నీకేమనిపిస్తోంది?"

ఆ సాయంత్రమంతా రెండు పెడళ్లూ చేతిలో పట్టుకుని మరలు పోల్చి చూసింది. ఒకటి కుడి మర, ఒకటి ఎడమ మర. ఎడమవైపు కూడా మామూలు మరే ఉంటే, తొక్కేకొద్దీ పెడల్ తనంతట తానే వదులై ఊడుతుంది. ఈ మాట నేను మర్నాడు చెప్పాను, తను మూడోసారి అడిగాక.

తర్వాత ముందు చక్రం. విప్పేటప్పుడు పాటించాల్సింది ఒకటే: విడిభాగాలను స్టీలు పళ్లెంలో, విప్పిన వరసలోనే, ఎడమ నుంచి కుడికి పేర్చాలి. మొబైల్‌తో ఫొటో తీస్తానంటే వద్దు, బొమ్మ గీయమనండి. గీయాలంటే చూడాలి కదా. చక్రం నడిమధ్యనుండే హబ్బులో పక్కకి పది చొప్పున బాల్స్ ఉంటాయి. లెక్కపెడితే పంతొమ్మిదే. ఇరవయ్యోది తూములోకి దొర్లిపోయింది. సైకిల్ షాపుకి వెళ్లి ఒకటి అడిగితే, ఆయన సెట్టు మొత్తం చేతిలో పోసి, "అరిగిన వాటి మధ్య కొత్తది ఒక్కటే వేస్తే బరువంతా దాని మీదే పడతాది పాపా" అన్నాడు. నా క్లాసు కంటే అదే బాగా ఎక్కింది. షాపులకి తీసుకెళ్లండి పిల్లల్ని, తీరికగా ఉన్న వేళ చూసుకుని.

గ్రీజు పూసి బిగించేటప్పుడే అసలు పని. బాల్స్‌ని అదిమి పట్టే కోను ఎక్కువ బిగిస్తే ఇరుసు గరగరమంటుంది. వదిలేస్తే చక్రం అటూ ఇటూ ఊగుతుంది. ఈ రెంటికీ మధ్య ఒక చోటుంది, అది మాటల్లో చెప్పలేం. ఇరుసు కొసను రెండు వేళ్లతో పట్టుకుని తిప్పమన్నాను. బిగించింది, తిప్పింది, వదులు చేసింది, మళ్లీ తిప్పింది. తొమ్మిదోసారో పదోసారో కళ్లు మూసుకుంది. "వచ్చింది," అంది. నేను పట్టుకుని చూశాను. వచ్చింది.

లెక్కలు వాటంతటవే వచ్చాయి. ముందు పళ్లు 36, వెనక 18. టైరు మీద సుద్దముక్కతో గీత పెట్టి పెడల్ ఒక్క చుట్టు తిప్పితే గీత రెండుసార్లు కిందికొచ్చింది. భాగహారమంటే ఏడ్చే పిల్ల ఇది.

సైకిల్ లేకపోతే సైకిల్ వాల్వ్ ట్యూబ్, అంటే వాల్వుకి తొడిగే సన్న రబ్బరు గొట్టం, చాలు. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా గారు 1970ల చివర్లో పల్లె బడుల కోసం తయారుచేసిన పద్ధతి: ట్యూబ్‌ని చిన్న ముక్కలుగా కోసి, మందు గీకేసిన అగ్గిపుల్లలు రెండువైపులా గుచ్చడం. చతురస్రం చేసి నొక్కితే వాలిపోతుంది, త్రిభుజం వాలదు. అది చేసిన రోజే హైవే పక్కన కరెంటు టవర్లన్నింట్లో త్రిభుజాలు వెతుక్కుంది మా పాప.

మధ్యలో వదిలేస్తే పోరు పెట్టకండి. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేవాళ్లని చూసొచ్చి తనూ ఒకటి చేస్తానంది. రెండు రోజులు గీకింది, గుంట పడలేదు, వదిలేసింది. ఆ సగం గరిటెతోనే ఇప్పుడు గ్రీజు తీస్తోంది. చేతిపనితో చదువు మనకి కొత్తేం కాదు. నెల్లూరు దగ్గర పల్లిపాడులో గాంధీగారు 1921లో ప్రారంభించిన ఆశ్రమం ఇప్పటికీ ఉంది. తీసుకెళ్తే అక్కడి చరఖా చక్రానికీ తన సైకిల్ చక్రానికీ పోలికలు చెప్పడం మొదలుపెట్టింది. చరిత్ర నేను చెప్పబోతే వినలేదు.

టికటిక సంగతి చివరికొచ్చింది. ఆ చప్పుడు చేసేది వెనక చక్రానికుండే పళ్ల బిళ్ల, ఫ్రీవీల్. మంచిది పాడుచేయడం ఎందుకని షాపాయన దగ్గర పాతది ఒకటి అడిగి తెచ్చాం. "విప్పితే మళ్లీ బిగించలేరు సార్" అని నవ్వాడు. దాని మూతకి రెండు చిన్న గుంటలుంటాయి, పంచ్ అనే ఇనప కడ్డీ ఆనించి సుత్తితో కొట్టి తిప్పాలి. పాపకి చూపించాను, ఎటు తిప్పాలో చెప్పలేదు. మామూలు వైపుకి ఒక దెబ్బ కొట్టి ఆగింది. పెడల్ గుర్తొచ్చినట్టుంది, గబుక్కున రెండో వైపుకి కొట్టింది. మూత కదిలింది. లోపల రెండు చిన్న ఇనప నాలుకలు, వాటి వెనక వెంట్రుకంత స్ప్రింగు, చుట్టూ పళ్లు. ముందుకి తిప్పితే నాలుక పళ్లలో ఇరుక్కుంటుంది, వెనక్కి తిప్పితే పన్ను మీంచి పన్ను మీదికి జారుతుంది. జారినప్పుడల్లా ఒక టిక్.

ఆవగింజ కంటే కాస్త పెద్ద బాల్స్ పళ్లెం నిండా పడ్డాయి. నేను ఏదో చెప్పబోయాను.

"మాట్లాడొద్దు తాతా. నలభై మూడు దగ్గరున్నా."