ఇంగ్లీషులో సరైన మాట ఎంచుకోవడం ఎలా?

ఉద్యోగంలో చేరిన కొత్తలో, తెలుగు రాని సహోద్యోగి ఇంటికి భోజనానికి వెళ్లాను. వంటింట్లోంచి ఘుమఘుమలు. మెచ్చుకుందామని ‘యువర్ కర్రీ స్మెల్స్’ అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. స్మెల్ అంటే వాసనే, డిక్షనరీ తప్పేం చెప్పలేదు. కానీ పక్కన ‘గుడ్’ లేకుండా వదిలేస్తే అది కంపు కిందే లెక్క. మనం మాత్రం? ‘ఈ గది వాసనొస్తోంది’ అంటే మెచ్చుకున్నట్టా!

అప్పట్నుంచి నేను చేసే పని ఇది.

1. మాటల్ని వరసగా రాయండి

ఒకే అర్థం ఉన్నవన్నీ నోట్‌బుక్‌లో ఒకచోట పెట్టండి: స్మెల్, సెంట్, అరోమా, ఫ్రేగ్రెన్స్, ఓడర్, స్టింక్. ఒక్కోదాని పక్కన ప్లస్, మైనస్, సున్నా వేయండి. అరోమా, ఫ్రేగ్రెన్స్ ప్లస్. స్టింక్ పక్కా మైనస్. సెంట్ దగ్గర జాగ్రత్త: మనకు సెంటంటే సీసాలోదే, ఇంగ్లీషులో వేటకుక్క పసిగట్టేది కూడా సెంటే. ఓడర్ సైన్సు రాతల్లో సున్నా, మామూలు మాటల్లో మైనస్ వైపు మొగ్గుతుంది.

ఈ గుర్తులు శాశ్వతం కావు లెండి. పాత ఇంగ్లీషులో స్టింక్ మంచి వాసనకీ చెల్లేది. మన ‘కంపు’ కూడా ఒకప్పుడు అంతే, పూలకీ ఉండేది.

2. తోడు ఎవరో చూడండి

ఈత కొడతాం, ఈల వేస్తాం. ఎందుకని అడిగితే ఏం చెప్తాం? ఇంగ్లీషులోనూ అంతే: అరోమా కాఫీకి, మసాలాలకి, ఫ్రేగ్రెన్స్ పూలకి, అత్తరుకి. ఈ జతలు తెలియాలంటే నేర్చుకునేవాళ్ల కోసం తయారైన డిక్షనరీ కావాలి. జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన హార్న్‌బీ కూర్చిన డిక్షనరీ 1942లో అక్కడే అచ్చయింది. నేటి ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం అదే. అర్థం చూసి మూసేయకండి. కింద ఉన్న ఉదాహరణ వాక్యాలు చదవండి, అసలు సరుకు అక్కడుంది.

3. ఇంటి మాటా, కచేరీ మాటా?

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక దర్బారులో ఫ్రెంచి నడిచింది. అందుకే, రెండింటికీ ‘మొదలుపెట్టడం’ అనే అర్థమైనా, బిగిన్ ఇంటి మాట, ఫ్రెంచి నుంచి వచ్చిన కమెన్స్ కచేరీ (ఆఫీసు) మాట. మన నీళ్లు, జలం లాగా.

వంటగ్యాసుకి సొంతంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలని ఈథైల్ మెర్కాప్టాన్ అనే కంపుకొట్టే రసాయనం కలుపుతారు. దీని గురించి రిపోర్టులో రాసేవాళ్లు ఓడర్ అంటారు. ఇంట్లో నిజంగా లీకైతే ‘ఐ కెన్ స్మెల్ గ్యాస్’ అని అరుస్తారు.

4. మార్చి మార్చి చదవండి

వాక్యం రాశాక, ఆ చోట వరసలోని మిగతా మాటలు ఒక్కొక్కటీ పెట్టి పైకి చదవండి. ఆ రోజు కూరకి ఫ్రేగ్రెన్స్ అని ఉంటే, ‘అత్తరు పోశాననుకున్నారా?’ అని నవ్వేవారు. అరోమా పరవాలేదు, కాస్త హోటల్ మెనూలా ఉంటుంది. అనాల్సింది ‘ఇట్ స్మెల్స్ డెలీషియస్’.