ఎండలు ముదరకముందే కారు ఏసీ ‘టక్’ వినండి

విశాఖలో ఎండ కన్నా ఉక్కపోతే ఎక్కువ చంపుతుంది. మే నెల మధ్యాహ్నం మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఏసీ వేడిగాలి కొడితే అప్పుడు చేయగలిగిందేమీ ఉండదు. అందుకే మార్చిలోనే ఒకసారి చూసుకోండి.

బండి స్టార్ట్ చేసి, బ్లోయర్ పెట్టి, ఏసీ బటన్ నొక్కండి. బానెట్ కింద కంప్రెసర్ (ఏసీ గ్యాస్‌ని ఒత్తి తిప్పే పంపు) పుల్లీ, అంటే బెల్టు తిప్పే చక్రం, ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది. దాని ముందున్న క్లచ్ ప్లేటు ‘టక్’మని అతుక్కుని, దాంతో పాటే తిరగాలి. పుల్లీ తిరుగుతూ ప్లేటు మాత్రం కదలకపోతే క్లచ్ పట్టడం లేదన్నమాట. కొన్ని కొత్త మోడళ్లలో అసలు క్లచ్చే ఉండదు, వాటిలో ‘టక్’ వినపడలేదని కంగారు పడొద్దు.

వంగి చూసేటప్పుడు చున్నీ, వదులు చొక్కా, జడ బెల్టుకు దూరంగా ఉండాలి. ఇంజిన్ ఆపేసినా రేడియేటర్ ఫ్యాన్ ఉన్నట్టుండి తిరగొచ్చు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఈ పని పెట్టుకోకండి, ఆ పొగ ప్రాణాంతకం.

క్లచ్ పట్టలేదనగానే అందరూ అనే మాట ‘గ్యాస్ అయిపోయింది’. కావచ్చు, కానీ ముందు ఫ్యూజు, రిలే (క్లచ్‌కి కరెంటు అందించే చిన్న స్విచ్ డబ్బా) చూడండి. ఏసీ రిలే, హారన్ రిలే ఒకే నంబరువైతే మార్చి పెట్టి చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. మా ఇల్లు లాసన్స్ బేలో, సముద్రానికి దగ్గర. పోయిన వేసవిలో గ్యాస్ కొట్టించినా క్లచ్ పట్టలేదు. చివరికి క్లచ్ ప్లేటుని లాగే అయస్కాంత కాయిల్ కనెక్టర్ ఊడదీస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము! ఉప్పుగాలి మహిమ. గీకి శుభ్రం చేసి పెడితే ‘టక్’మంది. గ్యాస్ డబ్బులు మాత్రం పోయాయి.

నిజంగానే గ్యాస్ తగ్గితే ప్రెషర్ స్విచ్ కావాలనే క్లచ్‌ని ఆపుతుంది. లోపలి ఆయిల్ గ్యాస్‌తో పాటే తిరగాలి కదా, గ్యాస్ లేకుండా నడిస్తే కంప్రెసర్ బిగుసుకుపోతుంది. ‘డైరెక్ట్ ఇచ్చేస్తా’నని ఎవరైనా ఆ స్విచ్‌ని తప్పించడానికి వైరు ముక్క తీస్తే వద్దనండి. వందల్లో పోయేది వేలల్లోకి వెళ్తుంది. గ్యాస్ ఊరికే అరిగిపోదు, ఎక్కడో లీకవుతుంది. పైపు జాయింట్ల దగ్గర జిడ్డుగా దుమ్ము పట్టి ఉంటే అక్కడ అనుమానించాలి. నైట్రోజన్‌తో లీకు చూసి, సరిచేసి, వ్యాక్యూమ్ పెట్టి (లోపలి గాలి, తేమ లాగేసి), బానెట్ కింద స్టిక్కర్‌పై రాసినన్ని గ్రాములే తూచి నింపమనండి. ఎక్కువైనా ఏసీ ఆగిపోవచ్చు. ఆ పైపులు మీరు మాత్రం విప్పొద్దు. ద్రవరూపంలో ఉన్న గ్యాస్ కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

బీచ్ రోడ్డు, రుషికొండ వైపు రోజూ తిరిగేవాళ్లు కండెన్సర్‌ని (రేడియేటర్ ముందుండే ఏసీ జాలీని) అప్పుడప్పుడు మామూలు పైపు నీళ్లతో కడగాలి. ప్రెషర్ వాటర్ దగ్గర నుంచి కొడితే సన్నటి రేకులు వంగిపోతాయి.

అరకు ఘాట్ ఎక్కుతుంటే ఏసీ ఆగిందా? ముందు టెంపరేచర్ ముల్లు చూడండి. ఇంజిన్ మరీ వేడెక్కితే చాలా బండ్లు తామే కంప్రెసర్‌ని ఆపేస్తాయి. బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. చల్లారేదాకా రేడియేటర్ మూత జోలికి పోకండి.